ఆవిరి పట్టిన పాఠం

మా ఇంటి పంతులమ్మకు బాబాయి దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం, రొట్టెల పొయ్యి కూడా క్షేమం. అన్నయ్య మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

విషయమేమిటంటే, పెద్దాసుపత్రికి రోజూ రొట్టె ఎవరు పంపాలో నెలాఖరున అక్కడి కమిటీ వాళ్లు తేలుస్తారు. ఇన్నాళ్లూ మనమే పంపాం. ఇప్పుడు కొత్త రొట్టెల ఫ్యాక్టరీ పోటీకొచ్చింది. ఆ ఆర్డరు పోతే నేను పొయ్యి ఆర్పి, కొట్టుకు తాళం వేసుకోవడమే. రుచి చూడటంతో పాటు సూక్ష్మజీవుల మీద ప్రశ్నలు కూడా వేస్తారట. నాకు పిండి తెలుసు, నిప్పు తెలుసు, ఇవేమిటో తెలియవు. నువ్వు కాలేజీలో చెప్పేది అదే కదా. నాలాంటి మొద్దుకు ఎక్కేలా మొదటి నుంచి రాయి.

ఇట్లు,
నీ బాబాయి

తాజా కలం: ఈ సంగతి తనకూ తెలుసుకోవాలని ఉందట మీ పిన్నికి. ఆవిడకెందుకో ఇవన్నీ!

*

బాబాయి గారికి నమస్కారాలు.

సూక్ష్మజీవులంటే కంటికి కనిపించనంత చిన్న ప్రాణులు. నీళ్లలో, గాలిలో, చేతుల మీద, ఆఖరికి మీరు చదువుతున్న ఈ కాగితం మీద కూడా ఉంటాయి. కొన్ని రోగాలు తెస్తాయి. బాగా మరిగిస్తే చస్తాయి.

అలాగని భయపడకండి. చాలావాటి వల్ల మనకు హాని లేదు. అసలు మీ రొట్టె పొంగేదే వాటి వల్ల. నలభై ఏళ్లుగా మీరు రోజూ కాస్త మిగిల్చి మర్నాటి పిండిలో కలిపే ఆ పులిపిండి నిండా ఉన్నవి అవే. దాన్ని కంటికి రెప్పలా చూసుకోండి.

ఇట్లు,
మీ పంతులమ్మ

*

పంతులమ్మకు బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం మీద కూడా ఉంటాయన్నావు చూడు, ఒళ్లు జలదరించింది. ఆ వాక్యం చదవగానే కాగితానికి మరిగే నీళ్ల గిన్నె మీద ఆవిరి పట్టాను. కింది సగం సిరా కారిపోయింది. పోతే పోయింది, పై సగంలో ముక్క దొరికింది: మరిగిస్తే చస్తాయి!

గరిటెలు, గుడ్డలు, జల్లెడలు, నా చెప్పులు అన్నీ ఉడకబెట్టాను. చెప్పులు చిన్నపిల్లల సైజుకి వచ్చాయి. ఫ్యాక్టరీ వాడు ఇంత శుభ్రంగా ఉండగలడా?

ఇట్లు,
నీ బాబాయి

తాజా కలం: గోడ గడియారం ఉడకబెడతానంటే మీ పిన్ని అడ్డం పడింది. ఇప్పుడు మా ఇంట్లో సూక్ష్మజీవులంటూ ఉంటే అందులోనే. రేపు పులిపిండి వంతు.

*

బాబాయి గారికి కంగారుగా నమస్కారాలు.

అసలు విషయానికి వస్తాను. కానీ వరస తప్పితే నాకు పాఠం చెప్పినట్టుండదు. పూర్వం ఒక వైద్యుడు, కాన్పులు చేసే ముందు చేతులు కడుక్కోండని తోటి డాక్టర్లతో మొత్తుకున్నాడు. వాళ్లు ఎగతాళి చేశారు. చేతులు కడిగిన చోట బాలింతలు బతికారు, కడగని చోట చనిపోయారు. చరిత్రలో అది గొప్ప మలుపు.

ఇక అసలు విషయం. పులిపిండిని ఉడకబెట్టొద్దు! ఈ ఉత్తరానికి దయచేసి ఆవిరి పట్టొద్దు!

ఇట్లు,
మీ పంతులమ్మ

*

పంతులమ్మకు బాబాయి ఆశీస్సులు.

ముందుజాగ్రత్తగా ఈసారి చదవకముందే ఆవిరి పట్టాను. చేతులు కడిగే డాక్టరు దాకా బాగానే మిగిలింది. మహానుభావుడు! ఆయన పేరు చెప్పుకుని, సబ్బుతో చేతులు కడిగితేనే రొట్టె అన్నాను. వరస వీధి మలుపు దాకా సాగింది. ఒకాయన "నేను రొట్టె కొనడానికొచ్చానా, ఆపరేషన్ చెయ్యడానికా?" అని వెళ్లిపోయాడు.

అది సరే, రొట్టె పొంగడం మానేసింది. పులిపిండి ఉడకబెట్టిన రోజు నుంచి బయటికొచ్చేవన్నీ ఇటుకలే. ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి. భయంగా ఉందమ్మా. మా నాన్న చేతి పిండి అది. మీ పిన్ని ఏదో సణుగుతోంది. చదువుకున్న పిల్ల రాసింది కాదని ఆవిడ మాట వినమంటావా?

ఇట్లు,
దిగులుతో నీ బాబాయి

తాజా కలం: ఇటుకల్లో ఒకదాన్ని తలుపుకి అడ్డం పెట్టాం. తలుపు చక్కగా ఆగుతోంది.

*

బాబాయి గారూ! పెన్సిలుతో రాస్తున్నాను. ఎంత ఆవిరి పట్టినా ఇది కారదు.

మొదటి మాట: మీ రొట్టెను పొంగించే ప్రాణుల్ని మీరే ఉడకబెట్టారు. రెండో మాట: ఇంకా దారి ఉంది. కాస్త పిండి, కాస్త నీళ్లు కలిపి పల్చటి గుడ్డ కప్పి ఉంచండి. రోజూ సగం తీసేసి కొత్త పిండి, నీళ్లు కలపండి. పిండిలోనూ గాలిలోనూ ఉన్నవి అందులో కాపురం పెడతాయి. అయిదారు రోజులు పడుతుంది.

కమిటీకి ఇది చెప్పండి. మొదట వీటిని చూసింది ఒక బట్టల వ్యాపారి, తనే అరగదీసుకున్న భూతద్దంతో, ఒక్క నీటిచుక్కలో. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్లకు ఒక రసాయన శాస్త్రవేత్త, వంకర మెడ సీసాలో పులుసు మరిగించి ఉంచితే పాడవలేదు. మెడ విరగ్గొడితే పాడయింది. శూన్యంలోంచి ప్రాణం పుట్టదని అలా తేలింది.

ఇట్లు,
మీ పంతులమ్మ

తాజా కలం: తప్పు నాది కూడా. అవసరమైన మాట ముందు చెప్పాలని నాకు ఇప్పుడు తెలిసింది.

*

పంతులమ్మా, గెలిచాం!

ఫ్యాక్టరీ వాడు "మా పిండిలో ఒక్క సూక్ష్మజీవి కూడా లేదు" అని రొమ్ము విరుచుకున్నాడు. నేను "మా పిండిలో కోట్లున్నాయి, పొయ్యిలోకి వెళ్లేదాకా అవే నా పనివాళ్లు" అన్నాను. కూరగాయలు ఉడికిన నీళ్లు రెండు సీసాల్లో చూపించాను. మరిగించి మూత బిగించింది తేటగా ఉంది, తెరిచి ఉంచింది కంపు కొట్టింది. బట్టల వ్యాపారి కథ చెబుతుంటే పెద్ద డాక్టరమ్మ నోట్సు రాసుకుంది!

తర్వాత నా పులిపిండి చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూడమంది. గుండ్రంగా, నిండుగా, ఒకదాని పక్కన బుజ్జిది మొలుస్తూ... నలభై ఏళ్లుగా నాతో పనిచేసినవాళ్లను మొదటిసారి చూశానమ్మా. ఏడుపొచ్చింది. రొట్టె కోసి పంచితే పళ్లెంలో పొడి కూడా మిగల్లేదు. ఆర్డరు మనదే!

ఇట్లు,
విజయుడైన నీ బాబాయి

*

అమ్మాయికి పిన్ని ఆశీర్వదించి రాయునది.

మీ బాబాయి ఉత్తరం నిన్ననే పోస్టులో వేశారు. అందులో లేని సంగతి ఒకటుంది. ఆయన కలిపిన కొత్త పిండి నాలుగో రోజుకి ముక్కు పగిలే కంపు కొట్టింది. పారబోసి, ఆ గిన్నెలో పాత పులిపిండి పెట్టాను. ఆయన నీళ్లు మరగబెట్టిన రోజునే గుప్పెడు తీసి, డబ్బాలో పెట్టి నా బట్టల పెట్టెలో దాచాను. ముందే చూపిస్తే దాన్నీ ఉడకబెట్టేవారు. రోజూ పిండి, నీళ్లు వేసి పోషించాను. ఆయన చూసింది మీ తాతగారి నాటి పిండినే.

దాన్ని దాచాలని నాకెలా తెలుసంటావా? పోస్టు వచ్చే వేళకి ఆయన పొయ్యి దగ్గరుంటారు. నీ ఉత్తరాలు విప్పి పూర్తిగా చదివి, ఆ తర్వాతే ఆయన చేతికిచ్చేదాన్ని. కింది సగంలో ఏముందో మూడుసార్లు చెప్పాను. ఒక్కసారి విన్నారా?

ఈ ఉదయం అంతా చెప్పేశాను. విని, నేరుగా కొట్టులోకి వెళ్లి, కొనడానికొచ్చిన అందరి ముందూ "ఆసుపత్రి ఆర్డరు గెలిచింది నేను కాదు, ఈవిడ" అన్నారు. నాకు కడుపు నిండిపోయింది.

ఇట్లు,
పిన్ని

తాజా కలం: ఇకనుంచి ఉత్తరాలు నా పేరునే రాయి. ఎలాగూ ముందు చదివేది నేనే.