నాన్న చేర్చిన నిబంధనలు

నా బంగారు తల్లీ నెవెనా,

రేడియోలో విన్నానే! శాసనసభలో చేతులన్నీ లేచాయట! పాత ప్రభుత్వపు నిర్బంధ శిబిరాల్లో ఖైదీల్ని కొట్టి చంపిన కాపలావాళ్లకు ఇక గడువు దాటిందన్న సాకు లేదట, ఎన్నేళ్లయినా జైలేనట! నేను గంతులేశానంటే నమ్ము. పండక్కి ఇంకా వారాలున్నా పందిని కోయించేశాను. ఊరంతా మన పెరట్లోనే. టపా తెచ్చే పెనా అడిగింది, "ఏంటి స్పాస్ తాతా, మళ్లీ పెళ్లా?" అని. "పెళ్లెందుకే, నా కూతురు చట్టం రాసింది!" అన్నాను.

ఆ శిబిరంలో మీ అన్న మిన్చోని పార కర్రతో కొట్టి చంపిన కాపలావాడు దెల్చో, ఇన్నాళ్లూ మన వీధి చివరే ద్రాక్షతీగ కత్తిరించుకుంటూ హాయిగా బతికాడు. నేను పోయేలోపు వాడికి శిక్ష పడాలి. అదొక్కటే కోరిక. నీ చేతులు చల్లగుండ!

సంతోషం పట్టలేని మీ నాన్న,
స్పాస్

*

ప్రియమైన నాన్నకు,

ఆ చట్టం నిలబడదు. గడువు తీరిపోయిన నేరానికి కొత్తగా శిక్ష తవ్వి తీయకూడదని రాజ్యాంగమే అంటుంది. రాసిన నేనే శాసనసభ సంఘంలో ఆ మాట చెప్పాను. సంఘం పెద్ద నవ్వాడు. "తెలుసమ్మాయ్. ఎన్నికలొస్తున్నాయి. మనం చేశాం, కోర్టు కొట్టేసిందంటాం. పాపం వాళ్లది, ఓట్లు మనవి."

నా ఉద్యోగం కోసం నోరు మూసుకున్నాను. దెల్చోతో ఏమీ అనకండి నాన్నా.

మీ నెవెనా

*

నాన్నా,

జవాబు లేదేం? నిన్న కోర్టు చట్టాన్ని కొట్టేసింది. ఒక్కడి మీదా అమలు కాకుండానే పోయింది. మీకు ఎంత కష్టంగా ఉంటుందో తెలుసు. ఆదివారం బయల్దేరి వస్తాను.

నెవెనా

*

నా చిట్టి తల్లీ,

కష్టమా? నా అంత సంతోషంగా ఉన్నవాడు ఈ జిల్లాలోనే లేడు!

నీ మొదటి ఉత్తరం చదివి పొయ్యిలో వేసి, తిన్నగా దెల్చో ఇంటికి పోయాను.

"స్పాసన్నా, నిజంగా చట్టమైపోయిందా?" అన్నాడు.

"కాక? రాసింది నా కూతురు!"

"నాకు ఎనభై దగ్గర పడ్డాయి."

"మిన్చోకి పంతొమ్మిది. అప్పుడు నువ్వడిగావా?"

"అమ్మాయితో ఒక్క మాట చెప్పు, అన్నా..."

"చెప్తాలేరా, జైల్లో కిటికీ ఉన్న కొట్టు ఇమ్మని!"

రోజూ పోయాను. నువ్వు రాయనివి నేను చేర్చాను తల్లీ. ఇల్లు జప్తు. కొడుకు ఉద్యోగం ఊడటం. చస్తే సమాధి మీద పేరు ఉండకూడదు. ఒక్కో నిబంధననూ చావుకబురు కాగితంలా నల్ల అంచు గీసి వాడి గేటుకి అంటించాను. నా రాజ్యాంగంలో అడ్డేమీ లేదు మరి! వాడు తిండి మానేశాడు. వాడి కొడుకు వాణ్ని పలకరించడం మానేశాడు. చివరికి మూట కట్టుకుని, మంచులో నడుచుకుంటూ కొండవతల చెల్లెలింటికి బయల్దేరాడు. కనుమ కింద గొర్రెలకాపర్లకి దొరికాడు, కర్రలా బిగుసుకుపోయి.

వాణ్ని పాతిపెట్టిన మర్నాడు నీ కోర్టు తీర్పు రేడియోలో వచ్చింది.

ఆదివారం రా. పంది మాంసం ఇంకా ఉంది. వచ్చేముందు ఆ న్యాయమూర్తుల్ని కలిసి, తొందరపడనందుకు మా నాన్న దండం పెట్టాడని చెప్పు.

నీ భాగ్యవంతుడైన తండ్రి,
స్పాస్