పై వరుస, ఎడమ ఆరు

జనవరి 9, మంగళవారం. మధ్యాహ్నం 3

ఈ రోజు జిమ్ మాస్టర్ మా క్లినిక్‌కి వచ్చి తమ్ముడి కుడి చెయ్యి విరగ్గొట్టాడు.

హాస్పిటల్ కారిడార్‌లో కూర్చుని రాస్తున్నాను. వాణ్ని ఎక్స్‌రేకి తీసుకెళ్లారు. చేతులకి ఏదో ఒక పని పెట్టకపోతే లేచి ఎవర్నో ఒకర్ని కొట్టేలా ఉన్నాను, అందుకే రాస్తున్నాను.

పదకొండింటికి వచ్చాడు. వెయిటింగ్ రూమ్ కుర్చీ ఎత్తి ముందు అద్దం మీదికి విసిరాడు. రిసెప్షన్ ఆవిడ టేబుల్ కింద దూరింది. నోరు తెరుచుకుని పడుకున్న నా పేషెంటు మెడలో గుడ్డతోనే వీధిలోకి పరిగెత్తాడు. మాస్టర్ తిన్నగా రెండో గదిలోకి వెళ్లాడు. తమ్ముడు అక్కడ పరికరాలు సర్దుతున్నాడు. వాడి మణికట్టు పట్టుకుని, చేతిని స్టీలు సొరుగులో పెట్టి, కాలితో సొరుగు మూశాడు. తెరిచి మళ్లీ మూశాడు. పందొమ్మిదేళ్లుగా పళ్లు పీకుతున్నాను, ఎముక చప్పుడు నాకు కొత్త కాదు. ఇంత గట్టిగా మాత్రం ఎప్పుడూ వినలేదు. చేతికందిన ట్రేతో మాస్టర్ వీపు మీద బాదాను. ఈగ వాలినట్టు భుజం కదిపాడు, అంతే.

వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అన్నాడు. “ఏ చేత్తో పీకాడో ఆ చెయ్యే పట్టుకున్నాను. నేను మీలాగా తప్పు పక్క పట్టుకోలేదు.”

అతని మాటా కాదనలేను. నిన్న మధ్యాహ్నం తమ్ముడు అతని పన్ను పీకాడు. నూటపది కిలోల మనిషికి సూదంటే ప్రాణభయం. బతిమాలి మత్తు బిళ్ల వేయించుకున్నాడు, కుర్చీలో సగం నిద్రపోయాడు. పొద్దున్నే లేచి చూసుకుంటే నొప్పి పుట్టే కుడి పన్ను ఎక్కడిదక్కడే ఉంది. ఎడమ పక్క కన్నం.

అదే రోజు, సాయంత్రం 6

మూడు ఎముకలు విరిగాయి. ప్లేటు వెయ్యాలట. ఆరు వారాలు కట్టు. ఎలా జరిగిందని డ్యూటీ డాక్టరు అడిగితే తలుపు సందులో పడిందన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మకపోతే పోనీ.

పోలీసుల దగ్గరికి వెళ్లలేను. వెళ్తే వాళ్లు మొదట అడిగేది తమ్ముడికి లైసెన్సుందా అని. ఉంది, వంతెన అవతల. నది దాటితే వేరే రాష్ట్రం. అక్కడ ఏడేళ్లు దర్జాగా ప్రాక్టీసు చేసిన డాక్టరు వాడు. వంతెన దిగి ఇటొస్తే ఎవడూ కాడు. ఈ రాష్ట్రం బోర్డు రాతపరీక్ష పెట్టాలి, ప్రాక్టికల్ పెట్టాలి, ఫైలు కదపాలి, నంబరివ్వాలి. నంబరొచ్చేదాకా ఎవరి నోట్లో వేలు పెట్టినా నేరమే. పెట్టనిచ్చినందుకు నాదీ నేరమే. వాడి క్లినిక్ ఉన్న భవనం కూల్చేశారని ఇటొచ్చాడు. ఇక్కడ నాకు తల ఎత్తే తీరిక లేదు. అందుకని మధ్యాహ్నాలు వాడు చూసేవాడు. పొద్దున్నే నలభై ఖాళీ కార్డుల మీద నేను సంతకాలు పెట్టేసేదాన్ని. ఏడాదిగా ఇదే పద్ధతి. తప్పని తెలుసు, మానలేదు.

రాతపరీక్ష పాసయ్యాడు. ప్రాక్టికల్ ఫిబ్రవరి 20. అది తప్పితే దరఖాస్తు గడువు అయిపోతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. కట్టు విప్పేది కూడా ఆ రోజే.

ఆటోలో వాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. కుడికీ ఎడమకీ తేడా తెలియనివాడివి డాక్టరువెలా అయ్యావురా అన్నాను. చెయ్యి గుండెకి హత్తుకుని, తప్పు తనదే అన్నాడు.

జనవరి 10, బుధవారం

గాజుపెంకులు ఊడ్చాక మాస్టర్ కార్డు తీసి చూశాను.

కార్డు మీద పళ్ల బొమ్మ ఉంటుంది. పేషెంటు మనకి ఎదురుగా కూర్చున్నట్టు గీస్తారు. అంటే అతని కుడి పళ్లు కాగితం మీద ఎడమ పక్క ఉంటాయి. మొదటి ఏడాది విద్యార్థికి కూడా ఇది తెలుసు. శనివారం మాస్టర్‌ని చూసింది నేను. ఆ మెడ ఎటూ తిరగలేదు, అందుకని వెనక నిలబడి చూశాను. వెనక నిలబడితే అతని కుడి నాకూ కుడే. అలాగే తల దించి, కాగితం మీద కుడి పక్క పన్నుకి సున్నా చుట్టాను. అంటే పై వరుస, ఎడమ ఆరు, మధ్య నుంచి ఆరో పన్ను. ఎర్ర ఇంకు. గట్టిగా నొక్కి మరీ చుట్టాను.

వాడు కార్డు సరిగ్గానే చదివాడు. నేను చుట్టిన పన్నే పీకాడు. ఆ పన్ను కూడా పాత సిమెంటుతో నల్లగా ఉండేది, వాడికి అనుమానం రాలేదు. నేను తిట్టేసరికి తనే తిరగేసి చదివాననుకుంటున్నాడు.

కార్డు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను.

జనవరి 11, గురువారం

చెప్పలేదు.

జనవరి 17, బుధవారం

బోర్డు నోటీసు. మాస్టర్ ఫిర్యాదు చేశాడు. రసీదు మీద నా పేరుంది కాబట్టి నా మీద. పీకింది ఇంకెవరో అని కూడా రాశాడు. విచారణ ఫిబ్రవరి 6.

లాయరు దగ్గరికి వెళ్లాం. ఆయన చల్లగా టీ తాగుతూ లెక్కంతా చెప్పాడు. తప్పు పన్ను పీకితే మందలింపు, మహా అయితే ఆరు నెలల సస్పెన్షన్. లైసెన్సు లేనివాడి చేత పీకిస్తే లైసెన్సు రద్దు, వాడి మీద కేసు. కాబట్టి నేనే పీకానని చెప్పమన్నాడు. మాస్టర్ మత్తులో ఉన్నాడు, అతని మాట నిలవదట. కార్డేదని అడిగితే గొడవలో పోయిందన్నాను.

బయటికొచ్చాక తమ్ముడు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. తన తప్పు నేను నెత్తిన వేసుకుంటున్నానట. నాలాంటి అక్క ఎవరికీ ఉండదట.

నాకు ఒళ్లు మండిపోయింది. వాడి మీద. ఎందుకని అడిగితే చెప్పలేను. కార్డు దాచినందువల్ల లైసెన్సుకి ఒరిగేదేమీ లేదు. ఎలాగూ నేనే పీకానని చెప్పబోతున్నాను. పందొమ్మిదేళ్ల అనుభవం ఉన్నదాన్ని కుడి ఎడమలు మర్చిపోయానని వాడికి తెలియడం నాకిష్టం లేదు. అంతే.

జనవరి 20, శనివారం

జిమ్‌కి వెళ్లాను. వెళ్లొద్దని లాయరు నెత్తీ నోరూ బాదుకున్నాడు.

మాస్టర్ బెంచీ మీద కూర్చుని చెంపకి ఐస్ పెట్టుకుంటున్నాడు. నన్ను చూసి పాటల సౌండు తగ్గించమన్నాడు. పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లలేదో తనకి తెలుసన్నాడు. రెండో గదిలోవాడికి గోడ మీద సర్టిఫికెట్టు లేదని ముందే చూశాడట. నేను కేసు పెడితే ఆ చెయ్యి ఎవరిదో తనూ చెప్తాడట. తర్వాత, ఎవరికీ వినిపించకుండా, కుడి పన్ను ఇంకా సలుపుతోందనీ, ఇంకో డాక్టరు కుర్చీ ఎక్కాలంటే కాళ్లు వణుకుతున్నాయనీ అన్నాడు.

జాలి పడాల్సింది. పడలేదు. ర్యాక్‌లోంచి ఐదు కిలోల ఇనుప బిళ్ల తీసి విసిరాను. నిజం చెప్పాలంటే తలకే గురిపెట్టాను. చెవి పక్కనుంచి వెళ్లి గోడ అద్దానికి తగిలింది. అద్దం పైనుంచి కింది దాకా రాలింది. వ్యాయామం చేస్తున్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. మాస్టర్ చెంప మీద రక్తం చార. వేలితో తుడుచుకుని చూసుకున్నాడు. అద్దానికి అద్దం చెల్లు, ఇక వెళ్లమన్నాడు.

రోడ్డు మీదికొచ్చి కాలవ పక్కన వాంతి చేసుకున్నాను. ఇంకో బెత్తెడు ఇటు పడి ఉంటే మనిషి పోయేవాడు.

జనవరి 28, ఆదివారం

తమ్ముడు ఎడమ చేత్తో ప్రాక్టికల్ చెయ్యాలని పట్టుబట్టాడు. ఆరు ప్లాస్టర్ దవడలు ముందు పెట్టుకుని పొద్దుటి నుంచి డ్రిల్లు తిప్పుతున్నాడు. వంకర. వంకర. నాలుగింటికి డ్రిల్లు జారి బొటనవేలు చీరింది. దవడ తీసి గోడకేసి కొట్టాడు. తర్వాత ఇంకొకటి. ఆరూ పగిలాయి. తర్వాత తన చెంపలే వాయించుకోవడం మొదలెట్టాడు. కుడి అంటూ కుడి చెంప, ఎడమ అంటూ ఎడమ చెంప. తెలిసిందా, తెలిసిందా అంటూ.

చెయ్యి పట్టుకున్నాను. నిజం నోటి దాకా వచ్చింది. అప్పుడు వాడు, నువ్వు కాబట్టి నన్నింకా ఇంట్లో ఉండనిస్తున్నావక్కా అన్నాడు.

బల్ల కింద ముక్కలు ఏరాను.

ఫిబ్రవరి 6, మంగళవారం. మధ్యాహ్నం 1

బోర్డు ఆఫీసు బయట కార్లో ఉన్నాను. తమ్ముడు బస్సులో వెళ్లిపోయాడు, నాతో రానన్నాడు.

పొడుగు బల్ల, ఐదుగురు, ఐదు నీళ్ల సీసాలు. చైర్మన్ ఆవిడ కళ్లద్దాల మీదుగా చూస్తూ, పన్ను తీసిందెవరని అడిగింది. నేనే అనడానికి నోరు తెరిచాను. వెనక కుర్చీ జరిగిన చప్పుడు. తమ్ముణ్ని లోపలికి రావొద్దన్నాను. వచ్చాడు, కట్టు చేతితో, ఇస్త్రీ చొక్కాతో.

“పీకింది నేనండీ. కుడికీ ఎడమకీ తేడా తెలియనిది నాకే. అక్క ఆ పూట క్లినిక్‌లో లేదు. పేషెంటుని నేనే కూర్చోబెట్టాను, అక్కకి చెప్పలేదు.”

మాస్టర్ కూడా తలెత్తి వాడికేసి చూశాడు. లాయరు నా మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. ఇది నిజమేనా, మీకు తెలియకుండా జరిగిందా అని ఆవిడ నన్ను అడిగింది.

కార్డు ఒళ్లో బ్యాగ్‌లో ఉంది. జిప్పు మీద నా వేళ్లున్నాయి. ఒక్క క్షణం కూడా పట్టలేదు. తలూపాను.

జిమ్‌లో ఇనుప బిళ్ల తప్పిపోయింది. ఇది తగిలింది.

ఫిబ్రవరి 7, బుధవారం

వాడు అన్నం తిన్నాడు. నేను తినలేదని నన్ను కోప్పడ్డాడు.

ఫిబ్రవరి 16, శుక్రవారం

ఆర్డరు వచ్చింది. నాకు మందలింపు, ఒక పేరా. వాడికి మూడు పేజీలు. దరఖాస్తు కొట్టేశారు. పదేళ్లు ఈ రాష్ట్రంలో దరఖాస్తు చెయ్యకూడదు. పోలీసులకి ఒక కాపీ. వంతెన అవతలి బోర్డుకి ఒక కాపీ, క్లినిక్ యజమానురాలిని మోసగించి వైద్యం చేశాడు కాబట్టి అక్కడి లైసెన్సు కూడా పరిశీలించమని సిఫార్సు.

అక్కడిది కూడా పోతుందని నేను అనుకోలేదు. వాడూ అనుకోలేదు. మూడో పేజీ రెండుసార్లు చదివి, మడిచి, ఇక డాక్టరుని కాను అన్నమాట అన్నాడు. మామూలుగా అన్నాడు.

బ్యాగ్‌లోంచి కార్డు తీసి వాడి ముందు పెట్టాను.

చాలాసేపు చూశాడు. కార్డు తిప్పాడు, తన ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు వేలితో లెక్కపెట్టాడు. ఇది ఎప్పుడు చూశావని అడిగాడు. పదో తారీఖున అన్నాను.

ఎడమ చేత్తో కొట్టాడు. గోడకి తగిలాను. మళ్లీ కొట్టాడు. పెదవి పగిలింది. నేను చేతులు అడ్డం పెట్టుకోలేదు. మూడోసారి చెయ్యెత్తి, నన్ను వదిలేసి, కట్టు ఉన్న చేత్తో తలుపుని గుద్దాడు. ఒకసారి కాదు. కట్టు పగిలి తెల్లటి పొడి రాలింది, తర్వాత ఎర్రగా అయింది. నడుం పట్టుకుని లాగాను. వాడు నా మీదికి ఒరిగాడు, ఇద్దరం నేల మీద పడ్డాం. వాడు ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది.

ప్లేటు వంగింది. మళ్లీ ఆపరేషన్. వాడి స్నేహితుడు వచ్చి తీసుకెళ్లాడు. నన్ను హాస్పిటల్‌కి రానివ్వలేదు.

ఫిబ్రవరి 19, సోమవారం

అంతా రాసి, కార్డు జతచేసి, బోర్డు ఆఫీసుకి పట్టుకెళ్లాను. చూసింది నేను, చుట్టింది నేను, పీకమన్నది నేను, ఏడాదిగా ఖాళీ కార్డుల మీద సంతకాలు పెట్టింది నేను, దాచింది నేను. ఇన్ని నేనులు ఒక్క పేజీలో ఎప్పుడూ రాయలేదు.

ఫైలు మూసేశారు, తీసుకోనన్నాడు గుమస్తా. రివ్యూ కావాలంటే వేరే ఫారం ఉంది, దానికి లాయరు సంతకం కావాలి, ఆ ఫారాలు ప్రస్తుతం లేవు. ఉబ్బిన మూతితో మర్యాదగా రెండుసార్లు అడిగాను. మూడోసారి కౌంటరు మీదుగా వంగి అతని కాలరు పట్టుకుని లాగాను. కళ్లజోడు ఎగిరిపడింది. ఇంకో చేత్తో అతని స్టాంపు లాక్కుని నా కాగితాల మీద నేనే గుద్దేశాను. అందినది, తేదీ 19 ఫిబ్రవరి. నాలుగు పేజీల మీదా. వాచ్‌మన్ వచ్చి నా చేతులు వెనక్కి విరిచాడు. గుమస్తా గొంతు సవరించుకుని, స్టాంపు పడింది కాబట్టి ఇక తీసుకోక తప్పదన్నాడు.

మార్చి 5, మంగళవారం

నా లైసెన్సు రద్దయింది. ఉత్తరం పొద్దున వచ్చింది.

మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. కార్డు చూశాక అవతలి బోర్డు వాడి లైసెన్సు ఉంచిందట. చెయ్యి పూర్తిగా ముడుచుకోవడం లేదట. సమాచారం కోసం చెబుతున్నాను డాక్టర్ గారూ, అన్నాడు.

నేనిక డాక్టరుని కానని సరిదిద్దలేదు.