బావ మోకాలికి సరిపోయిన కారు

అక్కా,

నేను కులాసాగా ఉన్నాను, దగ్గు కూడా తగ్గింది. బావ కోసం చూడమన్న పాతకాలం కార్లు రెండూ నిన్న నడిపాను. ఎర్రది పిచ్చిపట్టినట్టు పరుగెడుతుంది, వీధంతా తిరిగి చూసింది. బూడిదరంగుది డబ్బాలా ఉంది, ఎత్తు ఎక్కాలంటే మూలుగుతుంది.

బావ మనసు ఎర్రదాని మీదే ఉందని తెలుసు, నాదీ అంతే. కానీ ప్రమాదం తర్వాత ఆయన ఎడమ మోకాలు సరిగా వంగడం లేదు కదా. అందుకే నా మోకాలికి తువ్వాలు బిగించి కట్టుకుని మళ్లీ రెండూ నడిపాను. ఎర్రదాని క్లచ్ నొక్కలేక చెమటలు పట్టాయి. రెండోదాంట్లో కాలు వంచకుండానే పాదంతో నొక్కగలిగాను. షెడ్డు మెకానిక్ కంగారుపడి, "కాలికేమైందయ్యా?" అన్నాడు. "నా కాలు బాగానే ఉంది, ఇది మా బావ కాలు" అన్నాను. అతను వెంటనే సీటు వెనక్కి జరపడానికి పానా తెచ్చాడు.

బావ కూర్చున్నప్పుడు నడుము నుంచి మడమ దాకా దారంతో కొలిచి, ఆ దారం కవర్లో పెట్టి పంపు. ప్యాంటు కుట్టించడానికని చెప్పు. వంటింటి కప్పు కారడం ఆగిందా? పాపకి పళ్లు వచ్చాయా? దానికి నా ముద్దులు.

బావా, ఇంటికొచ్చే పోస్టుకార్డులన్నీ ముందు నువ్వే చదువుతావని ఇప్పుడు గుర్తొచ్చింది. సరే, దారం నువ్వే కొలిచి పంపు. బూడిదరంగు బండి తెచ్చే రోజు వీధి మలుపులో నిలబడు. నేను పక్క సీట్లోకి జరుగుతాను.