కర్నల్‌కి ఐదు వేళ్ళు

ఏప్రిల్ 9
కర్నల్ ఇవాళ కూడా గుడ్డు ముట్టలేదు. కోడి గుండెకాయ కోసి పెడితే మొహం తిప్పుకున్నాడు. నేను పెంచుకునే మగ తెజూ బల్లి వాడు. తోకతో కలిపి నా నడుం దాకా వస్తాడు. ఒంటి నిండా నలుపూ తెలుపూ మచ్చలు, ఉబ్బిన దవడలు, అచ్చం రిటైరైన మిలిటరీవాడే. గోడ అవతల ఉండే ఆడపడుచు ఎర్మెలిందా మాటే టీ తాగడానికొచ్చి, వదినా, దీనివి అచ్చం కోడికాళ్ళే, సూప్‌కి బాగుంటాయి అంది. కోడికి నాలుగు వేళ్ళు, కర్నల్‌కి ఐదు, నీకు బుర్ర ఒక్కటీ లేదు అన్నాను.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం
చర్చి నుంచి వచ్చేసరికి కర్నల్‌ని ఉంచే బాత్రూం తలుపు తెరిచి ఉంది. వెచ్చదనానికి పెట్టిన లైట్ కింద వాడు లేడు. దుమ్ములో తోక ఈడ్చిన గీత ఎర్మెలిందా పెరట్లోకి పోయి, రొట్టెలు కాల్చే ఆమె గుమ్మటం మట్టిపొయ్యి దగ్గర ఆగిపోయింది.

ఏప్రిల్ 14
అసున్సియోన్ నుంచి వచ్చే పశువుల డాక్టరు తిట్టాడు. ఏప్రిల్ చలి మొదలవగానే ఇవి నెలల తరబడి నిద్రపోతాయట. పట్టుకుంటే చల్లగా, చచ్చినట్టే ఉంటాయట. నికాసియా గారూ, ఇంత గడ్డీ చీకటీ ఇస్తే ఇంట్లోనే పడుకునేవాడు, మీరేమో లైటు పెట్టి గుడ్లు చూపించారు, వాడి గొయ్యి వాడు వెతుక్కున్నాడు అన్నాడు.

గొయ్యి! బుధవారం ఊరంతా పొయ్యిలు వెలిగించి పండక్కి చీపా రొట్టెలు కాలుస్తారు. కర్నల్ ఎర్మెలిందా పొయ్యిలోనే దూరి ఉంటాడు.

ఏప్రిల్ 15
ఎర్మెలిందా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఒక్కసారి కట్టెలు తీసి పొయ్యిలో చూడనియ్యమన్నాను. పోయినేడు ఇందులో పాముందన్నావు, బకెట్లతో నీళ్ళు పోయించావు, గుమ్మటం పగిలితే గోడ మీద కూర్చుని నవ్వావు, ఈ ఏడు బల్లా వదినా, వచ్చే ఏడు మొసలిని పెట్టు అంది.

ఏప్రిల్ 16, తెల్లారి 5
పొగ వాసన.

పొద్దున 9
పరిగెత్తాను. అప్పటికే మండుతోంది. తల లోపలికి దూర్చబోతే ఎర్మెలిందా నా గౌను పట్టి వెనక్కి లాగింది. నీ జుట్టు కాలితే నా చీపా కంపు కొడుతుంది అంది. పక్కింటివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఈసారి యాక్షన్ అదిరిందన్నారు. నిజంగా ఏడుస్తున్నానని ఒక్కరూ నమ్మలేదు. మంటలో ఏదో చిటపటలాడింది. కట్టె కావచ్చు.

ఏప్రిల్ 17
ఎర్మెలిందా చీపాతో పాటు చిన్న మూట తెచ్చింది. బూడిద తోడుతుంటే దొరికింది వదినా అంది, మొహం బిగించి. మూట కొసన మాడిపోయిన గోరు కనబడింది. విప్పలేదు. మేరీమాత పటం వెనక పెట్టాను.

మే 20
పటానికి మొక్కడం మానేశాను. అటు చూస్తే వెనకున్న మూటే గుర్తొస్తుంది.

జూన్ 24
ఊరంతా అల్లరి ఆటలాడే సాన్ హువాన్ పండగ. ఎవరినీ ఆటపట్టించలేదు. అది చూసి భయపడి కాబోలు, ఎర్మెలిందా వచ్చింది. వదినా, అది కోడికాలే, నిప్పుల్లో మాడ్చి కట్టాను, పాముకి బదులు తీర్చుకున్నాను, విప్పి చూసుకో అంది.

అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది ఓదార్పా? నేనూ ఇంత నమ్మకంగానే అబద్ధమాడతాను. విప్పితే తెలిసిపోతుంది. అందుకే విప్పను.

ఆగస్టు 30
చలి తగ్గి ఎండ కాసింది. గోడ అవతల ఎర్మెలిందా గావుకేకలు. వదినా, పొయ్యి అరుగు కింద మట్టి లేస్తోంది, మూతి కనబడుతోంది, గుడ్డు పట్టుకురా అంటోంది.

వెళ్ళను. వెళ్తే ఊరంతా అక్కడ నిలబడి నవ్వుతుంటుంది. నేనైతే అలాగే చేసేదాన్ని. నవ్వితే నవ్వనీ, భరిస్తాను. మట్టిలో ఏమీ లేకపోతే?

ఇప్పుడే
మూట విప్పాను. వేళ్ళు లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.

నాలుగే.

గుడ్లు ఎక్కడ పెట్టాను?