వణకని చాయ్ పళ్ళెం

షిరాజ్, బుధవారం

అమ్మా, నేను పిన్ని ఇంట్లో బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

గుండెదడకి డాక్టరు రాసిన మాత్ర, నువ్వు చెప్పినట్టే, పెళ్ళిచూపులకు గంట ముందు వేసుకున్నాను. పోయినసారి చేతులు వణికి చాయ్ ఒలికితే "పిల్లకేదో జబ్బుంది" అంటూ వచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోయారుగా. ఈసారి ఏడు గ్లాసుల పళ్ళెం చుక్క తొణక్కుండా అందరి ముందూ తిప్పాను. పెళ్ళికొడుకు తల్లి నా చేతుల వంకే చూసింది. గుమ్మం దాటుతూ ఫరంగీస్ పిన్నితో అంది: "ఒక్కరవ్వ కూడా వణకలేదమ్మా! ఇలాంటివి ఎన్ని చూసిందో! సిగ్గున్న పిల్ల ఇలా ఉంటుందా?"

వణికితే జబ్బట, వణక్కపోతే సిగ్గులేదట. గుండె ఎంత కొట్టుకోవాలో ముందే చెప్పి చావొచ్చుగా!

సంబంధం తప్పిపోయిందని పిన్ని నాతో మాట్లాడటం లేదు. ఎండు నిమ్మకాయలు అయిపోయాయి, పంపు. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నానమ్మకు నా సలాం చెప్పు.

వచ్చే శుక్రవారం ఇంకెవరో వస్తారని రాశావు. రానీ. ఈసారి పళ్ళెం పెళ్ళికొడుకు మోస్తాడు. నేను కూర్చుని అతని చేతులు చూస్తాను. మాత్ర అడిగినా ఇవ్వను.

నీ చేతులు ముద్దాడుతూ,
మహ్‌రోఖ్