మీరు వద్దన్న కొట్టు

విజయదుర్గ గారికి నమస్కారాలు.

కైకలూరులో మీరు చీరల షాపు కోసం చూసిన కొట్టులో బట్టలు కుట్టేది నేనేనండీ. ఆ రోజు నన్ను ఖాళీ చేయించాలని ఓనరు రామనాథం గారు నా మిషన్లు రోడ్డు మీద పెట్టించారు. అడ్వాన్సు ఇవ్వబోతూ మీరు వాటిని చూసి ఆగిపోయారు.

"ఈవిడ ఒప్పుకునే వెళ్తున్నారా అండీ?" అని అడిగారు. "అవన్నీ మీకెందుకండీ" అన్నారాయన.

"అయితే నాకీ కొట్టు వద్దండీ" అని మీరు వెళ్లిపోయారు. నేను దణ్ణం పెట్టేలోపే మీరు వీధి మలుపు తిరిగేశారు.

మర్నాడు ఆయనే మిషన్లు లోపల పెట్టించి, మూడేళ్లకి అగ్రిమెంటు రాసిచ్చారు. "ఆవిడ అలా అడిగాక ఇంట్లో మొహం చూపించలేకపోయానమ్మా" అన్నారు. మీ అడ్రసు కూడా ఆయనే ఇచ్చారు.

పక్క కొట్టు వచ్చే నెల ఖాళీ అవుతోందండీ. వాళ్లు ఇష్టపడే వెళ్తున్నారు, నేను అడిగి తెలుసుకున్నాను. మీరు తప్పకుండా రండి. మీ చీరలకి జాకెట్లు నేను కుడతాను.

మీ మేలు మరువని,
కైకలూరు టైలరు