పాటియో మీద ఎడారి ట్రఫుల్

మే 3
మొక్క వచ్చేసింది! ఇంటి వెనక పాటియో గచ్చు మీద కుండీలో పెట్టాను. ఎడారి ట్రఫుల్ అంటే పుట్టగొడుగుకి చుట్టం. ఈ మొక్క వేళ్ళను అంటిపెట్టుకుని ఇసుకలోపలే దుంపలా ఊరుతుంది. ఈ న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో సగం మంది కరివేపాకు కోసం మా ఆవిడ భానుమతిని అడుగుతారు. రిటైరయ్యాక నన్ను ఎవరూ ఏమీ అడగడం లేదు. ఇక అడుగుతారు!
నియమాలు: సున్నం కలిపిన ఇసుక. నీళ్ళు తక్కువ. తవ్వి చూడరాదు. కరివేపాకుకి పోసే పుల్ల మజ్జిగ దీని దరిదాపులకు రాకూడదు.

మే 19
భానుమతి: "ఒట్టి ఇసుకలో ఎలా బతుకుతుందండీ, పాపం?"
ముప్పయ్యేళ్ళు ఫార్మా ల్యాబ్‌లో చేసిన నాకే పాఠాలు! ట్రఫుల్ వర్గీకరణ కంఠతా వచ్చేసింది. తెల్లగా ఉంటే టిర్మానియా, గోధుమరంగైతే టెర్ఫీజియా. పక్క అపార్ట్‌మెంట్‌లో ఎమ్మెస్ కుర్రాడు లోకేష్‌కి వివరించాను. మధ్యలో వాడికి ఫోనొచ్చింది. మోగినట్టు నాకైతే వినబడలేదు.

జూన్ 14
తవ్వలేదు. వేలితో కాస్త కదిపానంతే.

జూన్ 15
చెంచాతో. చెంచాతో చేస్తే తవ్వడం కిందికి రాదు.

జులై 8
ఆకులు వాలిపోయాయి. పక్కన కరివేపాకు మాత్రం నవనవలాడుతోంది. ఒళ్ళు మండింది. భానుమతి గుడికి వెళ్ళగానే ఒక్క గ్లాసు పుల్ల మజ్జిగ... నా మొక్కకే పోశాను.

జులై 20
ఎండిపోయింది. అంతా న్యూజెర్సీ తేమ వల్లే!
కాదు. నా వల్లే. ఏడుపొచ్చినంత పనైంది.

ఆగస్టు 30
కుండీ కడిగేద్దామని ఇసుక తిరగేస్తే, దుంప! గోధుమరంగు! టెర్ఫీజియా! పైన పీచు ఉంది. ఏ రీసెర్చ్ పేపర్‌లోనూ పీచు సంగతి లేదే? కొత్త జాతి! నా పేరే పెట్టేశాను కూడా: టెర్ఫీజియా వీరభద్రి. ఫొటో పంపి లోకేష్‌ని రేపు లంచ్‌కి రమ్మన్నాను.
సాయంత్రం భానుమతి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.
"చేమదుంపండీ. కుండీ ఖాళీగా ఉందని మొన్న నేనే గుచ్చా. మొలకొచ్చిందిగా, చూడండి."

ఆగస్టు 31
లంచ్. ఆ దుంపతో పాటు కూరల సంచిలో ఉన్నవీ కలిపి భానుమతి వేపుడు చేసింది.
లోకేష్: "అంకుల్, ఇది చేమదుంప కదా?"
భానుమతి: "మీ అంకుల్ కుండీలోది. మాట్లాడకుండా తిను నాయనా."
వాడు మూడుసార్లు వడ్డించుకున్నాడు.
వాడు వెళ్ళాక కొత్త మొక్క ఆర్డర్ చేయడానికి ఫోన్ తీశాను. ఇక దెబ్బలాట తప్పదనుకున్నాను. భానుమతి పక్కన వచ్చి కూర్చుంది.
"నాకూ ఒకటి తెప్పించరూ?"
అడిగింది! నన్ను!
రెండు ఆర్డర్ చేశాను. ఈసారి తవ్వేది లేదు. ఆవిడ కుండీలోనైతే అసలే తవ్వను.